జీతం చెప్పకుండా ఎవరిది ఎక్కువో తెలుసుకోవడం: పెయిలియర్‌తో చేశాం, సేఫేనా?

బీటీఎం_బాల్కనీ
నాకు ఐదేళ్ళ అనుభవం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో బ్యాకెండ్ పని. ఆరు నెలల కిందట నా పక్క సీట్లో ఒకమ్మాయి చేరింది. అదే అనుభవం, అదే గ్రేడ్, అదే పని. ఇద్దరం తెలుగువాళ్ళం, రోజూ కలిసే తింటాం. తనకి నాకన్నా ఎక్కువ ఇస్తున్నారేమోనని నాకు చాలా రోజులుగా అనుమానం. వచ్చే నెలలో అప్రైజల్. అడగాలంటే నాకు మొహమాటం. చెప్పాలంటే తనకి భయం, ఆఫర్ లెటర్‌లో జీతం వివరాలు ఎవరికీ చెప్పకూడదని ఒక లైను ఉంది.

అందుకని అంకెలు బయటపెట్టకుండా ఎవరిది ఎక్కువో మాత్రం చూద్దామనుకున్నాం. హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ (అంకెకి తాళం వేసి, తీయకుండానే దానితో లెక్క చేసే పద్ధతి) గురించి చదివి, అందులో ఒక రకమైన పెయిలియర్‌ని పైథాన్ లైబ్రరీతో రాశాను. కీ నాది. నా జీతాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి తనకి పంపాను. తాళం తీయకుండానే కూడికలు, తీసివేతలు కుదురుతాయి కాబట్టి తను అందులోంచి తన జీతం తీసేసింది. తర్వాత 1 నుంచి 1000 లోపు తనకి తోచిన అంకె ఒకటి ఎంచుకుని, దాంతో గుణించి నాకు తిరిగి పంపింది. నేను డిక్రిప్ట్ చేశాను. మైనస్ వస్తే తనది ఎక్కువ, ప్లస్ వస్తే నాది.

మొదటిసారి −7,35,00,000 వచ్చింది. కోడ్ తప్పేమోనని ఇంకోసారి నడిపాం, తను వేరే అంకెతో గుణించింది. −9,64,50,000. తనదే ఎక్కువ.

ఎంత ఎక్కువో నాకు తెలియదు. తెలుసుకోనని తనకి మాటిచ్చాను కూడా. ఇప్పుడు ఆఫీసులో ఇంకో నలుగురు అమ్మాయిలు తమకీ ఇది కావాలంటున్నారు. వాళ్ళ చేతిలో పెట్టేముందు అడుగుతున్నాను, ఇది సేఫేనా?

సిల్క్‌బోర్డ్_ఖైదీ
పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపుల పుణ్యమా అని నా జీతం మూడు జిల్లాలకి తెలుసు. పక్క సీటువాడికి మాత్రం తెలియదు. ఐడియా బావుంది, ఫాలో అవుతున్నా.

నెల్లూరు_చేపలపులుసు
ఒకే బాక్సులో తినేవాళ్ళు, ఒక బై-టూ కాఫీ తాగుతూ చెప్పుకుంటే అయిపోయేదానికి ఇంత లెక్కెందుకు? మా టీమ్‌లో ఆరుగురం ఒక షీట్‌లో రాసుకున్నాం. ఏమీ కాలేదు. జీతాలు దాచుకుంటే లాభం కంపెనీకే, మనకి కాదు.

బీటీఎం_బాల్కనీ
మీ ఆరుగురూ ఒప్పుకున్నారు కాబట్టి కుదిరింది అన్నా. తను ఒప్పుకోలేదు. ఇంటి లోను, తమ్ముడి చదువు, అన్నీ తన ఉద్యోగం మీదే ఉన్నాయి. ఇష్టం లేని మనిషిని మొహమాటపెట్టి చెప్పించడం నాకు నచ్చదు.

లెక్కల_మాస్టారు
అమ్మా, నేను సెక్యూరిటీ మనిషిని కాదు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరై జయనగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ రెండు అంకెలూ చూసి పేపరు అంచున నాలుగు గీతలు గీశాను. మీ స్నేహితురాలిని ఒక్క మాట అడిగి రండి. తేడా సరిగ్గా లక్షా యాభై వేలా? ఎలాగో ఆవిడ సరేనన్నాకే రాస్తాను.

ఓరుగల్లు_పోరడు
మాస్టారు ఊకెనే అంటున్నరా, నిజంగనే వచ్చిందా?

బీటీఎం_బాల్కనీ
అడిగాను. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అవును" అంది. నా చేతులు చల్లబడిపోయాయి. మాటిచ్చి నేనే పదిమందిలో బయటపెట్టాను.

ఆ రెండు అంకెలు తీసేస్తానంటే తను వద్దంది. "ఆ నలుగురూ ఇదే తప్పు చేయకూడదు, ఉంచు. ఎలా తెలిసిందో అడుగు" అంది. మాస్టారూ, చెప్పండి.

లెక్కల_మాస్టారు
హైస్కూలు పిల్లలు చేసే గ.సా.భా. అమ్మా. రెండు అంకెల్లోనూ దాగి ఉన్నది ఒకే తేడా. ఒకసారి ఒక గుణకంతో, ఇంకోసారి ఇంకో గుణకంతో. కాబట్టి ఆ తేడా రెండింటినీ భాగిస్తుంది. భాగహార పద్ధతిలో:

9,64,50,000 లోంచి 7,35,00,000 తీస్తే 2,29,50,000 మిగులుతుంది.
7,35,00,000 లోంచి దానికి మూడు రెట్లు తీస్తే 46,50,000.
2,29,50,000 లోంచి దానికి నాలుగు రెట్లు తీస్తే 43,50,000.
46,50,000 లోంచి అది తీస్తే 3,00,000.
43,50,000 లోంచి దానికి పద్నాలుగు రెట్లు తీస్తే 1,50,000.
3,00,000 లో అది సరిగ్గా రెండుసార్లు. శేషం సున్న.

గ.సా.భా. 1,50,000. అంటే ఆవిడ ఎంచుకున్న గుణకాలు 490, 643. ఆ రెండింటికీ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి తేడా చెక్కుచెదరకుండా బయటపడింది. యాదృచ్ఛికంగా ఏవో రెండు అంకెలు తీసుకుంటే ఇలా ఉమ్మడి భాజకం లేకపోయే అవకాశం నూటికి అరవై పైనే. ఆవిడ దురదృష్టం అనుకోకండి, సాధారణంగా జరిగేదే ఇది.

సిల్క్‌బోర్డ్_ఖైదీ
మాస్టారూ, స్కూల్లో గ.సా.భా. ఎందుకు నేర్చుకుంటున్నామో ఎవరూ చెప్పలేదు. పదిహేనేళ్ళకి ఇవాళ తెలిసింది.

తాళంచెవి
నా పని ఇదే రంగంలో, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

రెండోసారి నడపకపోయినా బయటపడేది. మొదటి అంకె ఒక్కదాన్నే చూడండి, 7,35,00,000. గుణకం 1000 దాటదని ఒప్పందం, కాబట్టి తేడా 73,500కి తగ్గదు. ఒకే గ్రేడ్ కాబట్టి పది లక్షలు మించదనుకుందాం. జీతాలు యాభై వేల మెట్లలో ఉంటాయనుకుంటే ఆ అంకెని భాగించే తేడాలు ఎనిమిదే మిగులుతాయి: లక్ష, లక్షన్నర, రెండున్నర, మూడు, మూడున్నర, ఐదు, ఏడు, ఏడున్నర. ఎనిమిదిలో ఒకటి అంటే దాచినట్టు కాదు.

ఇందులో పెయిలియర్ తప్పేమీ లేదు. 1999లో పాస్కల్ పెయిలియర్ ఇచ్చిన పద్ధతి అది. తాళం వేసిన రెండు అంకెలని గుణిస్తే లోపల ఉన్నవి కూడతాయి. తాళం వేసినదాన్ని ఒక ఘాతానికి ఎత్తితే లోపలిది అన్ని రెట్లు అవుతుంది. మీ జీతం తాళం లోపల భద్రంగానే ఉంది, తను దాన్ని చూడలేదు. లీకైంది మీరు తాళం తీసి చూసిన అంకె నుంచి. మీకు కావలసింది అవును, కాదు అన్న ఒక్క మాట. మీ చేతికి వచ్చింది ఎనిమిదంకెల సంఖ్య. ఆ మిగతా అంకెలన్నీ ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి.

గుణకాన్ని చాలా పెద్దది చేసి, పైన ఇంకో చిన్న అంకె కలిపితే గ.సా.భా. పనిచేయదు. అయినా వచ్చిన సంఖ్య పెద్దదా చిన్నదా అన్నదాన్నిబట్టి తేడా సుమారుగా అంచనాకి దొరుకుతుంది. తగ్గుతుంది గానీ పోదు.

ఓరుగల్లు_పోరడు
నేను చదువుకుంటున్న, ఎలక్ట్రానిక్ సిటీల ఉంట. ఆ పేరు ఫ్రెంచ్‌ల పాయే అని పలుకుతరట కదా. పేరే పాయే ఉంటే రహస్యం ఉంటదా అన్నా!

అసలు డౌటు: షా-256 హ్యాష్, అంటే అంకెని ఒక గజిబిజి గుర్తుగ మార్చే లెక్క, పెట్టి పోల్చుకుంటే అయిపోదా? దాన్ని వెనక్కి తిప్పలేరు కదా.

తాళంచెవి
వెనక్కి తిప్పక్కర్లేదు తమ్ముడూ, ముందుకే పోతారు. జీతం యాభై లక్షల లోపు ఉంటుందని అందరికీ తెలుసు. ఒకటి నుంచి యాభై లక్షల దాకా అన్ని అంకెలకీ హ్యాష్ తీసి ఏది సరిపోతే అది. మామూలు ల్యాప్‌టాప్ మీద కొన్ని సెకన్ల పని. ఇద్దరూ పంచుకున్న సాల్ట్, అంటే అంకెకి జోడించే ఒక యాదృచ్ఛిక ముక్క, కలిపినా అవతలివాళ్ళకి ఆ సాల్ట్ తెలుసు కాబట్టి లాభం లేదు. పైగా హ్యాష్ రెండూ సమానమా అనే చెబుతుంది, ఏది పెద్దదో చెప్పదు.

ఓరుగల్లు_పోరడు
పోనీ ఎన్‌క్రిప్ట్ చేసిన రెండిటినీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూస్తే?

తాళంచెవి
పెయిలియర్‌లో ఒకే అంకెని పదిసార్లు ఎన్‌క్రిప్ట్ చేస్తే పది వేరువేరు రూపాలు వస్తాయి. పైరూపం చూసి లోపల ఎంతుందో చెప్పలేం. అలా ఉండటమే దాని బలం.

సరే, పైనుంచి చూసి పోల్చగలిగే పబ్లిక్ కీ పద్ధతి (తాళం ఎవరైనా వేయొచ్చు, తీసే కీ ఒక్కరి దగ్గరే) ఒకటి ఉందనుకో. అప్పుడు నీ దగ్గర తాళం తీసే కీ అక్కర్లేదు. పబ్లిక్ కీతో నువ్వే 80 లక్షలని ఎన్‌క్రిప్ట్ చేసి ఆవిడ అంకె పక్కన పెడతావు. తక్కువంటే 40 లక్షలు పెడతావు. ఎక్కువంటే 60. ప్రతిసారీ సగం పోతుంది. కోటీ అరవై లక్షల దాకా ఉన్న జీతాన్ని 24 ప్రశ్నల్లో రూపాయితో సహా పట్టేస్తావు. ఎవరైనా పోల్చగలిగితే ఎవరైనా తాళం తీసినట్టే. పోల్చే వీలు ఆ ఇద్దరికే ఉండాలి, అదీ ఇద్దరూ కలిస్తేనే కుదరాలి.

లెక్కల_మాస్టారు
ఇది చదివితే మా నాన్న గుర్తొచ్చారు. ఎడ్ల సంతకి నన్ను తీసుకెళ్ళేవారు. దళారీ భుజం మీద తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పేవాడు. లోపల వేళ్ళు పట్టుకునే బేరం. నాలుగు వేళ్ళు పట్టుకుంటే నాలుగు, బొటనవేలు మడిస్తే సగం. చుట్టూ యాభైమంది నిలబడి చూస్తున్నా ఎంతకి తెగిందో ఒక్కరికీ తెలిసేది కాదు. నేను మాత్రం నాన్న మొహంలోకి చూస్తూ ఉండేవాణ్ణి.

తాళంచెవి
మాస్టారూ, మంచి ఉదాహరణ ఇచ్చారు. వెబ్‌సైట్ల అడ్రసు ముందు కనబడే మన హెచ్‌టీటీపీఎస్ సరిగ్గా ఆ తువ్వాలే. చుట్టూ ఉన్నవాళ్ళకి కనబడదు, కానీ తువ్వాలు లోపల చేతులున్న ఇద్దరికీ అంతా తెలుసు. ఇక్కడ కావలసింది తువ్వాలు లోపల కూడా ఒకరి వేళ్ళు ఒకరికి తెలియకుండా బేరం కుదరడం. ఈ ప్రశ్నని 1982లో ఆండ్రూ యావో వేశాడు. ఇద్దరు కోటీశ్వరులు ఆస్తి చెప్పకుండా ఎవరు ఎక్కువ ధనవంతులో తెలుసుకోవాలి, ఎలా? దాన్ని కోటీశ్వరుల సమస్య అనే అంటారు. బీటీఎం గారు అడిగింది అదే, కోట్లకి బదులు జీతాలు.

నెల్లూరు_చేపలపులుసు
దళారీకి మాత్రం తెలిసిపోతుంది కదా. నేను షీట్ అన్నందుకు అందరూ నన్ను తప్పుపట్టినట్టుంది, కానీ నమ్మకమైన మూడో మనిషికి చెబితే సరిపోతుందని నేనిప్పటికీ అంటాను.

ప్రొద్దుటూరు_పసిడి
మూడో మనిషి గురించి నేను చెబుతాను. పాత ఆఫీసులో నలుగురం సగటు జీతం తెలుసుకుందామని ఒకాయనకి అంకెలు పంపాం. ఆయన మంచివాడే. సగటు వేసి ఆ షీటునే అందరికీ ఫార్వర్డ్ చేశాడు, మా అంకెలు ఉన్న కాలమ్‌ని హైడ్ చేసి. అన్‌హైడ్ ఒక్క క్లిక్కు. సాయంత్రానికి ఫ్లోరంతా తెలిసింది. అందరిలోకీ నాదే తక్కువ. ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని వచ్చాను. మంచివాడా కాడా అన్నది తర్వాతి సంగతి అన్నా, అంకెలు ఆయన దగ్గరికి వెళ్ళకుండా ఉంటే ఆ పొరపాటుకి తావే ఉండేది కాదు.

నెల్లూరు_చేపలపులుసు
అది నిజమే. సారీ అక్కా.

తాళంచెవి
ఇది పుస్తకాలకే పరిమితమైన సంగతి కాదని చెప్పడానికి ఒకటి. 2008 జనవరిలో డెన్మార్క్‌లో చక్కెర దుంప రైతులు సుమారు 1200 మంది తమ కాంట్రాక్టులు అమ్ముకోవడం, కొనుక్కోవడం కోసం వేలంలో పాల్గొన్నారు. ఏ ధరకి ఎంత అమ్ముతారో రాస్తే ఆ రైతు ఆర్థిక పరిస్థితి బయటపడుతుంది. కొనేది దేశంలో ఒకే ఒక్క పెద్ద కంపెనీ, దాని చేతిలో ఆ వివరం పడితే తర్వాత బేరంలో రైతు నష్టపోతాడు. అందుకని ప్రతి బిడ్‌నీ ముక్కలు చేసి మూడు చోట్ల పెట్టారు: కంపెనీ దగ్గర ఒకటి, రైతు సంఘం దగ్గర ఒకటి, పరిశోధకుల దగ్గర ఒకటి. ఏ ఒక్కరి ముక్కతోనూ ఏమీ తెలియదు. అది హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ కాదు, రహస్యాన్ని పంచే పద్ధతి. కానీ సమస్య మనదే.

సిల్క్‌బోర్డ్_ఖైదీ
మాది చెరకు పండించే ఇల్లు. ఫ్యాక్టరీవాడికి మన అవసరం తెలిస్తే ఏమవుతుందో మా నాన్నని అడగండి. ఈ పోస్టు ఆయనకి చదివి వినిపించాను. "ఆ దేశంలో రైతు సంఘం చేతిలో కూడా ఒక ముక్క పెట్టారా" అని రెండుసార్లు అడిగారు.

బీటీఎం_బాల్కనీ
అయితే నేనేం చేయాలి? ఫుల్లీ హోమోమార్ఫిక్ వాడాలా? అందులో పోల్చడం నేరుగా ఉంటుందని చదివాను.

తాళంచెవి
ఉంటుంది, కానీ మీకు అక్కర్లేదు.

తాళం వేసిన అంకెల మీద కూడిక, గుణకారం సహజంగా వస్తాయి. పోల్చడం రాదు. ప్రోగ్రామ్‌లో ఇఫ్ రాస్తాం కదా, ఇక్కడ ఇఫ్ లేదు. లెక్క చేసే యంత్రానికి జవాబు కనబడదు కాబట్టి ఎటు వెళ్ళాలో దానికి తెలియదు. రెండు దారులూ నడిచి, చివర్లో దాగి ఉన్న 0 తోనో 1 తోనో గుణించి ఒకటి నిలుపుకోవాలి. అందుకే బరువు.

క్రెయిగ్ జెంట్రీ 2009లో కూడిక, గుణకారం రెండూ ఎన్నిసార్లయినా చేయగల పద్ధతి మొదటిసారి చూపించాడు, ఫుల్లీ హోమోమార్ఫిక్ అంటే అదే. 2011లో దాన్ని నడిపి చూస్తే, లోపల పేరుకున్న నాయిస్‌ని, అంటే జవాబుని చెడగొట్టే చెత్తని, ఒక్కసారి శుభ్రం చేయడానికి చిన్న సెట్టింగుల్లో అర నిమిషం, పెద్దవాటిలో అరగంట పట్టింది. 2016కి వచ్చిన టీఎఫ్‌హెచ్‌ఈ అనే పద్ధతిలో అదే పని సెకనులో పదో వంతు లోపే. ఇప్పుడు ఇంకా వేగం. రెండు అంకెలూ దాచిపెట్టి మూడో యంత్రంతో పోల్పించాలంటే ఇవి కావాలి. సీకేకేఎస్ అనే ఇంకో పద్ధతి మాత్రం తీసుకోవద్దు, అది సుమారు విలువలతో పనిచేస్తుంది. రెండు జీతాలు దగ్గరదగ్గరగా ఉంటే అక్కడే తడబడుతుంది, మీకు కావలసింది కూడా అక్కడే.

మీ దగ్గర ఒక సదుపాయం ఉంది. లెక్క చేసే అమ్మాయికి తన జీతం తనకి తెలుసు. ఒక అంకె దాగి ఉంటే చాలు. దానికి పెయిలియర్ సరిపోతుంది, కానీ బిట్లుగా విడగొట్టాలి. 2007లో డ్యామ్‌గార్డ్, గైస్లర్, క్రోయ్‌గార్డ్ వేలంపాటల కోసం ఇచ్చిన పద్ధతి ఈ దారిదే. సులువు చేసి చెబుతా.

కీ ఉన్నావిడ తన జీతాన్ని బైనరీలో రాసి ఒక్కో బిట్‌నీ విడిగా ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. 24 బిట్లు చాలు, 1,67,77,215 రూపాయల దాకా పడుతుంది. రెండో ఆవిడ ప్రతి స్థానానికీ తాళం తీయకుండా ఈ లెక్క చేస్తుంది:

1 + కీ ఉన్నావిడ బిట్ − నా బిట్ + పై స్థానాల్లో ఎన్నిచోట్ల మా బిట్లు తేడా వచ్చాయో ఆ సంఖ్య.

5కీ 6కీ చేసి చూడండి. 5 అంటే 101, 6 అంటే 110. కీ ఉన్నావిడది 5.
మొదటి స్థానం: 1 + 1 − 1 + 0 = 1.
రెండోది: 1 + 0 − 1 + 0 = 0.
మూడోది: 1 + 1 − 0 + 1 = 3.

సున్న వచ్చింది. అంటే కీ ఉన్నావిడది తక్కువ. పైనుంచి వస్తుంటే మొదటిసారి తేడా వచ్చిన చోట కీ ఉన్నావిడది 0, రెండో ఆవిడది 1 అయితేనే సున్న పడుతుంది. ఇంకెక్కడా పడదు. కీ ఉన్నావిడది ఎక్కువైనా, సమానమైనా సున్న అసలు రాదు.

తర్వాత ఒక్కోదాన్నీ వేరువేరు పెద్ద యాదృచ్ఛిక అంకెతో గుణించాలి. సున్న సున్నగానే ఉంటుంది, 1, 3 లాంటివన్నీ అర్థం లేని పెద్ద అంకెలైపోతాయి. వాటిని పేకముక్కల్లా కలిపి పంపాలి. కీ ఉన్నావిడ 24 తాళాలు తీసి సున్న ఉందా లేదా అని చూస్తుంది. ఆవిడకి దొరికేది అదొక్కటే.

ఓరుగల్లు_పోరడు
పై స్థానాల్ల తేడా వచ్చిందా లేదా అని తాళం తీయకుంట ఎట్ల తెలుస్తది?

తాళంచెవి
తెలియదు, తెలియక్కర్లేదు. నా బిట్ 0 అయితే ఆవిడ దాచిన బిట్టే తేడా. నా బిట్ 1 అయితే 1 లోంచి ఆవిడ బిట్ తీసెయ్, అదే తేడా. అది ఎంతో చూడకుండానే కూడేయగలను.

లెక్కల_మాస్టారు
7, 4 తీసుకుని చేశాను. 1, 2, 3 వచ్చాయి, సున్న లేదు. 4, 4 తీసుకుంటే మూడూ ఒకట్లే. అందమైన లెక్క. ఇది ముందే తెలిసి ఉంటే బైనరీ పాఠం నాడు బోర్డు మీద వేసేవాణ్ణి.

బీటీఎం_బాల్కనీ
రాత్రి కూర్చుని రాశాను. 3072 బిట్ల కీతో ఒక్కో సైఫర్‌టెక్స్ట్ (తాళం వేసిన అంకె) 768 బైట్లు, 24కి కలిపి 18 కేబీ చిల్లర. ఒక ఫొటో కన్నా చాలా తక్కువ. నా అంకెలు నాతోనే పోల్చి వందసార్లు టెస్ట్ చేశాను, అన్నీ సరిగ్గా వచ్చాయి. కలపడం ఒక్కటి ఇంకా రాయలేదు. సున్న ఉందా లేదా అనే కదా చూసేది, కలపకపోతే ఏమవుతుంది?

ప్రొద్దుటూరు_పసిడి
నాకు ఈ లెక్కలు సగమే అర్థమయ్యాయి, అయినా ఇది నేను చెప్పగలను. సున్న ఏ స్థానంలో పడిందో కనబడితే తేడా ఎక్కడ మొదలైందో తెలిసిపోదా? పైన పడితే తేడా పెద్దది, కింద పడితే జీతాలు దగ్గరదగ్గరగా ఉన్నట్టు.

తాళంచెవి
సరిగ్గా అదే. ఆ స్థానానికి పైన ఉన్న బిట్లన్నీ ఇద్దరివీ ఒకటేనని కూడా తెలిసిపోతుంది. కలపాల్సిందే. ఇంకో చిన్న విషయం: పంపేముందు ఒక్కోదానికీ కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసిన సున్నని కలపండి. లేకపోతే పైరూపంలో పాత యాదృచ్ఛిక అంకె జాడ మిగులుతుంది, కీ ఉన్నవాళ్ళు దాన్ని తవ్వి తీయగలరు. అలాగే పైసలతో ఇవ్వొద్దు, పూర్ణ సంఖ్యలే ఇవ్వండి. పైథాన్ పెయిలియర్ లైబ్రరీలో దశాంశాలకి ఎక్స్‌పోనెంట్ అని ఒకటి పక్కన వెళుతుంది, దానికి తాళం ఉండదు.

నెల్లూరు_చేపలపులుసు
అన్నీ బావున్నాయి. ఎవరైనా అబద్ధం జీతం వేస్తే?

తాళంచెవి
ఆపలేం. నా జీతం పన్నెండు లక్షలై ఉండి పది వేసినా గణితానికి తెలియదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఒకే మనిషితో మళ్ళీ మళ్ళీ పోల్చడం. ఒకసారి 20 వేసి, ఇంకోసారి 18 వేసి, ఇంకోసారి 19 వేస్తే ఇందాక చెప్పిన 24 ప్రశ్నల కథే. ఒక జంటకి ఒక్కసారే అని ముందే అనుకోండి. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా జవాబు కూడా ఒక సమాచారమే కదా. "నాది తక్కువ" అని తెలిసినప్పుడు అవతలిది నా జీతం పైనుంచి మొదలవుతుందని తెలిసినట్టే.

ప్రొద్దుటూరు_పసిడి
నేనిప్పుడు హెచ్‌ఆర్‌లో ఉన్నాను. ఆ నలుగురూ ఏ అంకె వేస్తున్నారో ముందు మాట్లాడుకోండి. సీటీసీ, అంటే కంపెనీకి మన మీద అయ్యే మొత్తం ఖర్చు, వేస్తే అందులో కంపెనీ పీఎఫ్ వాటా, బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ, ఎప్పుడొస్తుందో తెలియని వేరియబుల్, కొందరికి ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ అన్నీ కలిసి ఉంటాయి. ఒకరు సీటీసీ, ఒకరు ఫిక్స్‌డ్ వేస్తే ఎంత గట్టి ఎన్‌క్రిప్షనైనా తప్పు జవాబునే భద్రంగా ఇస్తుంది. ఏడాది ఫిక్స్‌డ్ పే మాత్రమే వేయండి.

బీటీఎం, నీ మేనేజర్ దగ్గర ఆ అమ్మాయి పేరు ఎత్తకు. పాత జీతం మీద ఇంత శాతం అని పెంచుకుంటూ వస్తారు కాబట్టి మొదట తక్కువకి చేరినవాళ్ళు చివరిదాకా తక్కువలోనే ఉంటారు. నీ పని, నీ గ్రేడ్, ఆ గ్రేడ్ బ్యాండ్ ఎంత, నువ్వు ఎక్కడున్నావు, ఇవే అడుగు. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా సమాన వేతనమని 1976లోనే చట్టం చేశారు. మీ ఇద్దరూ ఆడవాళ్ళే కాబట్టి అది నేరుగా పనికిరాదు గానీ, ఆ నలుగురిలో ఎవరైనా మగ సహోద్యోగితో పోల్చుకోవాలనుకుంటే గుర్తుంచుకోండి.

పక్కసీటు_నేనే
ఆ లక్షా యాభై నాదే.

మొదట కోపమొచ్చింది, అబద్ధం చెప్పను. రెండు రోజులు విడిగా తిన్నాను. మాస్టారు రాసింది చదివాక తెలిసింది, 490, 643 ఎంచుకున్నది నేనే కదా. తను నన్ను మోసం చేయలేదు, ఇద్దరికీ తెలియక జరిగింది. తర్వాత పసిడి అక్క రాసింది చదివాను. నేను ఈ కంపెనీలో చేరేటప్పుడు చేతిలో ఇంకో ఆఫర్ ఉంది, దాన్ని చూపించి అడిగితే పెంచారు. తను కాలేజీ నుంచి నేరుగా వచ్చింది, చూపించడానికి తన దగ్గర ఏమీ లేదు. తేడా అక్కడే వచ్చింది. నిన్న రాత్రి వాళ్ళ బాల్కనీలో కూర్చుని పూర్తి జీతం నేనే చెప్పాను, ఎలా అడిగానో కూడా చెప్పాను. ఆ మెయిల్‌లో ఏ వాక్యం ముందు పెట్టానో చూపించాను.

కానీ ఆ నలుగురూ చెప్పాలో వద్దో వాళ్ళ ఇష్టం. వాళ్ళకి కొత్తది వాడతాం. గుణకాలు మేం ఎంచుకోం, సిస్టమ్ ఎంచుకుంటుంది.

సిల్క్‌బోర్డ్_ఖైదీ
పక్కసీటు గారూ, ఆ వాక్యం మాకు కూడా చెప్పండి. నాకూ వచ్చే నెలే అప్రైజల్.

పక్కసీటు_నేనే
"ఈ పనికి ఈ నగరంలో నాకు ఇస్తామన్నది ఇంత" అని మొదటి లైనులోనే రాశాను. థాంక్స్‌లు, సంతోషాలు కిందికి నెట్టాను.

బీటీఎం_బాల్కనీ
శనివారం నలుగురూ మా ఇంటికి వచ్చారు. ఒక్కొక్కరూ తమ ల్యాప్‌టాప్‌లోనే వేసుకున్నారు, ఫిక్స్‌డ్ పే మాత్రమే, ఒక జంటకి ఒక్కసారే. ఎవరికి సున్న వచ్చిందో ఇక్కడ రాయను. ఒకమ్మాయి స్క్రీన్ చూసి ల్యాప్‌టాప్ మూసి, "సోమవారం మీటింగ్ పెట్టించుకుంటా" అంది. నా మీటింగ్ బుధవారం. మెయిల్ మొదటి లైను రాసేశాను.

నెల్లూరు_చేపలపులుసు
ఆ కోడ్ నాకు ఇస్తావా చెల్లీ? వైట్‌ఫీల్డ్‌లో ఒక ఫ్లాట్ చూశాం. ఓనరు తన ఆఖరి రేటు చెప్పడు, నేను నా గరిష్ఠం చెప్పను. మూడు వారాలుగా ఇద్దరం టీలు తాగుతున్నాం. ఆయన కూడా సాఫ్ట్‌వేరే, ఒప్పుకున్నాడు. కానీ ఇద్దరిదీ ఒకే అంకె అయితే సున్న రాదన్నారు కదా, అప్పుడు కుదిరే బేరం కూడా పోతుంది.

తాళంచెవి
కీ ఓనరుగారి దగ్గర పెట్టండి. ఆయన తన అంకెని రెండింతలు చేసి వేయాలి. మీరు మీది రెండింతలు చేసి ఒకటి కలిపి వేయండి. సమానమైనా మీదే పెద్దదవుతుంది, సున్న వస్తుంది.

బీటీఎం_బాల్కనీ
పంపిస్తా అన్నా. రెండింతలు చేస్తే ఒక బిట్ పెరుగుతుంది, 24 ఉన్నచోట 25 పెట్టుకోండి. ఒక్కసారే నడపండి.